సబ్ కాంపాక్ట్ ట్రాక్టరా, ఒక సైజు పెద్దదా? అమెరికాలో లోడర్‌తో కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి

డాలస్, హ్యూస్టన్, అట్లాంటా శివార్లలో రెండెకరాలో, ఐదెకరాలో, పదెకరాలో కొని ఇల్లు కట్టుకుంటున్న తెలుగువాళ్లు ఈమధ్య చాలామందే ఉన్నారు. స్థలం చేతికొచ్చిన మొదటి వేసవిలోనే రెండు విషయాలు అర్థమవుతాయి. గడ్డి మనకన్నా వేగంగా పెరుగుతుంది. కంకర, మట్టి, మల్చ్ (మొక్కల మొదట్లో పరిచే చెక్క పొట్టు) చక్రాల బండితో తోస్తే నడుం పడిపోతుంది. దాంతో చూపు ట్రాక్టర్ డీలర్ల వైపు మళ్లుతుంది. అక్కడ నారింజ రంగు, ఆకుపచ్చ, ఎరుపు, వరసగా పెట్టి ఉంటాయి. అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఏది తీసుకోవాలో తేలదు.

ఈ చిన్న ట్రాక్టర్లని ఇక్కడ సబ్ కాంపాక్ట్ అంటారు. 25 హార్స్‌పవర్ లోపు డీజిల్ ఇంజన్, లోడర్ లేకుండా 1,500 పౌండ్లకి అటూఇటూ బరువు (దాదాపు 680 కిలోలు), ముందు లోడర్ (బకెట్‌తో సరుకు ఎత్తే చేతులు), వెనక త్రీ పాయింట్ హిచ్ (పరికరాలు తగిలించే మూడు కొక్కేల అమరిక), కావాలంటే కడుపు కింద గడ్డి కోసే డెక్. మన దగ్గర మిర్చి, పసుపు సాళ్ల మధ్య తిరిగే మినీ ట్రాక్టర్‌కి దీన్ని దగ్గరి చుట్టం అనుకోవచ్చు. అయితే మన ఊళ్లో ట్రాక్టర్ అంటే తొట్టి, గొర్రు, రోటవేటర్. ముందు బకెట్ ఉందంటే అది జేసీబీయే. అందుకే సబ్ కాంపాక్ట్ ముందు బకెట్ చూడగానే మనవాళ్లు దాన్నుంచి జేసీబీ పని ఆశిస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

బ్రోషర్‌లో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో కనిపించేది హార్స్‌పవర్. ఎంపికలో అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేదీ అదే. అమెరికా కాలుష్య నిబంధనల ప్రకారం 19 కిలోవాట్లు, అంటే సుమారు 25 హార్స్‌పవర్ దాటిన డీజిల్ ఇంజన్లకి పొగలోని మసి విషయంలో కట్టుబాట్లు ఎక్కువ. ఆ గీత దాటితే చాలా ఇంజన్లకి మసిని పట్టి కాల్చే ఫిల్టర్ పెట్టాల్సి వస్తుంది. దాని ఖర్చు వేరు, నిర్వహణ వేరు. అందుకే చిన్న ట్రాక్టర్లే కాదు, వాటికన్నా బరువైన కొన్ని ట్రాక్టర్లు కూడా 24 చిల్లర దగ్గరే ఆగిపోయాయి. కుబోటా ఎల్2501 సబ్ కాంపాక్ట్ కాదు, ఒక సైజు పెద్దది, ఈ సైజుని కాంపాక్ట్ అంటారు. దాని హార్స్‌పవర్ మాత్రం చిన్నవాటి పక్కనే ఉంటుంది. అంకె ఒకటే అయినా మోసే బరువులో చాలా తేడా.

కాబట్టి అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి.

మీరు ఎత్తబోయే వాటిలో అన్నిటికన్నా బరువైనది ఏది? సబ్ కాంపాక్ట్ లోడర్లు పూర్తి ఎత్తుకి, బకెట్ పిన్ను (బకెట్‌ని లోడర్ చేతులకి కలిపే కీలు) దగ్గర, దాదాపు 700 పౌండ్లు ఎత్తుతాయి. కుబోటా బీఎక్స్2380కి కంపెనీ చెప్పే అంకె 739. ఇందులో ‘పిన్ను దగ్గర’ అన్న మాట మీద కన్నేసి ఉంచండి. మనం ఎత్తే సరుకు పిన్ను దగ్గర ఉండదు, దానికి అడుగున్నర ముందు బకెట్‌లో ఉంటుంది. అక్కడికొచ్చేసరికి అంకె బాగా పడిపోతుంది. బకెట్ బదులు ప్యాలెట్లు ఎత్తే ఫోర్కులు తగిలిస్తే వాటి బరువు ఒకటి, సరుకు ఇంకా ముందుకి జరగడం ఇంకొకటి, రెండూ కలిసి మరింత తగ్గిస్తాయి.

నేల ఎలాంటిది? చదునుగా కత్తిరించిన లానా, ఎగుడుదిగుడు పచ్చికబయలా, వాలా? సబ్ కాంపాక్ట్ చక్రాలు చిన్నవి, పొట్ట నేలకి దగ్గర. గుంతలున్న చోట నడుం అదిరిపోతుంది. మొద్దులు, రాళ్లు ఉంటే అడుగున తగులుతాయి.

గడ్డి కోయడం కూడా దీనితోనేనా? అవునంటే సబ్ కాంపాక్ట్‌కి మార్కులు పెరుగుతాయి. కాదు, జీరో టర్న్ మోవర్ (ఉన్నచోటే తిరిగే గడ్డి కోత బండి) వేరే ఉందంటే పెద్ద సైజు వైపు వెళ్లడానికి అడ్డు తొలగినట్టే.

ఎక్కడ పెడతారు, ఎలా తీసుకెళ్తారు? ఇంటి గరాజ్ తలుపు ఎత్తు, పెరటి గేటు వెడల్పు టేపు పెట్టి కొలవండి. బోల్తా పడితే కాపాడేందుకు సీటు వెనక నిలబడే ఇనుప చట్రం (రోప్స్ అంటారు) చాలావాటిలో మడుస్తారు. మడిచాక ఎత్తెంతో డీలర్ని అడగండి.

## మూడు దార్లు పక్కపక్కన

| | సబ్ కాంపాక్ట్ + లోడర్ | సబ్ కాంపాక్ట్ + లోడర్ + బ్యాక్‌హో (వెనక బిగించే తవ్వే చేయి) | కాంపాక్ట్ + లోడర్ |
|---|---|---|---|
| ఉదాహరణలు | కుబోటా బీఎక్స్2380, జాన్ డీర్ 1025ఆర్ | కుబోటా బీఎక్స్23ఎస్ | కుబోటా ఎల్2501, జాన్ డీర్ 3025ఈ |
| ట్రాక్టర్ బరువు | 1,500 పౌండ్లకి అటూఇటూ | బ్యాక్‌హోతో ఇంకా ఎక్కువ | రెండు వేల పౌండ్ల చుట్టూ మొదలై ఇంకా పైన |
| లోడర్ ఎత్తే బరువు (పిన్ను దగ్గర) | 700 పౌండ్ల చుట్టూ | అంతే | 1,000 పౌండ్ల పైన |
| వెనక పరికరాల వెడల్పు | 4 అడుగులు | 4 అడుగులు | 5 అడుగులు |
| లాన్ కోత | చక్కగా | కోస్తుంది, బ్యాక్‌హో విప్పితే నయం | గడ్డి మీద గాట్లు పడతాయి |
| ఇరుకు సందుల్లో | సులువు | బ్యాక్‌హోతో కాస్త కష్టం | కష్టం |
| గుంతల నేల, పొదలు | ఓపిక కావాలి | ఓపిక కావాలి | ఇదే నయం |

ఈ అంకెల్ని కంకర లెక్కలోకి దించి చూడండి. సబ్ కాంపాక్ట్ బకెట్ నాలుగడుగుల వెడల్పు ఉంటుంది, ఐదారు ఘనపుటడుగులు పడుతుంది. కంకర ఘనపుటడుగుకి వంద పౌండ్లు తూగుతుంది. అంటే నిండు బకెట్ 500 నుంచి 600 పౌండ్లు. లోడర్ శక్తి దాదాపు అక్కడితో సరి. డ్రైవ్‌వే కోసం లారీ పది ఘనపు గజాల కంకర దింపి వెళ్లిందనుకోండి. గజానికి 27 ఘనపుటడుగులు, మొత్తం 270. అంటే దాదాపు యాభై బకెట్లు. ఒక శనివారం పని. అదే మల్చ్ అయితే చాలా తేలిక, గజమంతా కలిపినా ఆరేడు వందల పౌండ్లే. బకెట్ పైకి గుట్టగా పోసినా లోడర్‌కి లెక్కలేదు.

సబ్ కాంపాక్ట్‌కి అస్సలు కుదరనివీ ఉన్నాయి. కాంక్రీట్ మిక్స్ బస్తాలు ఒక ప్యాలెట్ మీద 42 వస్తాయి. బస్తా 80 పౌండ్లు, మొత్తం 3,360. లాన్ కోసం తెప్పించే గడ్డి చాపల ప్యాలెట్ రెండు వేల పౌండ్లకి తక్కువ ఉండదు. ఇవి సబ్ కాంపాక్టే కాదు, కాంపాక్ట్ కూడా ఎత్తలేదు. ప్యాలెట్ దింపడం కోసమని పెద్ద ట్రాక్టర్‌కి పోవద్దు. డెలివరీ లారీ వెంట వచ్చే ఫోర్క్‌లిఫ్ట్‌తోనే కావలసిన చోట దింపించుకోండి.

బ్యాక్‌హో సంగతి. అందరికీ మనసు లాగేది ఇదే. బీఎక్స్23ఎస్ దాదాపు ఆరడుగుల లోతు తవ్వుతుంది. నీళ్ల పైపులు, డ్రైనేజీ కాలవలు, చిన్న మొద్దులు, చెట్ల గుంతలు దానితో అయిపోతాయి. కానీ ఇల్లు కట్టుకున్న మొదటి ఏడాది తర్వాత తవ్వేది ఏముంటుందో ఒకసారి కాగితం మీద రాసుకోండి. పది చెట్లు, ఒక కాలవ అయితే మినీ ఎక్స్‌కవేటర్‌ని వారాంతానికి అద్దెకి తెచ్చుకోవడమే చవక, పని కూడా త్వరగా అవుతుంది. తోట పెంచుతూ ఏటా పైపులు వేసేవాళ్లకి, ఫెన్సింగ్ కోసం పొదలు పెకలించాల్సినవాళ్లకి బ్యాక్‌హోకి పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది. ఏదైనా తవ్వేముందు 811కి ఫోన్ చేస్తే గ్యాస్, కరెంట్, కేబుల్ లైన్లకి ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు. సొంత స్థలమైనా సరే, చేయాల్సిందే.

## రంగుల గొడవ

రంగంటే ఇక్కడ కంపెనీ. కుబోటా, జాన్ డీర్, మహీంద్రా, కియోటీ, మాసీ ఫెర్గూసన్. సబ్ కాంపాక్ట్‌లో ఇవేవీ చెత్త మిషన్లు కావు. ఎవరి అభిమానులు వాళ్లకున్నారు, ఆ వాదనలకి అంతుండదు. కొనేవాడు చూడాల్సినవి రెండే.

మొదటిది పెడల్. ఇవన్నీ గేర్లు మార్చే పని లేని హైడ్రోస్టాటిక్ బళ్లు. కుబోటా బీఎక్స్‌లో ముందుకీ వెనక్కీ ఒకటే పెడల్, మునివేళ్లతో నొక్కితే ముందుకి, మడమతో నొక్కితే వెనక్కి. జాన్ డీర్ 1025ఆర్‌లో రెండు పెడళ్లు పక్కపక్కన, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. షోరూమ్‌లో రెండూ బాగానే అనిపిస్తాయి. లోడర్ పని అంటే కుప్పలోకి దూరడం, వెనక్కి రావడం, మళ్లీ దూరడం, గంటకి వందసార్లు. కుబోటా పెడల్ కొందరికి మడమ దగ్గర నొప్పి పుట్టిస్తుంది. బరువైన బూట్లు వేసుకునేవాళ్లకి జాన్ డీర్ పెడళ్లు ఇరుకనిపించవచ్చు. డీలర్ దగ్గర మట్టి కుప్ప ఉంటే ఒక అరగంట మీరు పని చేసుకునే బూట్లతోనే నడిపి చూడండి. చూడనివ్వనంటే ఇంకో డీలర్ దగ్గరికి పోండి.

రెండోది డీలర్ ఎంత దూరం. వారంటీలో ఉన్న ట్రాక్టర్ ఆగిపోతే దాన్ని ట్రెయిలర్ ఎక్కించి తీసుకెళ్లాలి, లేదా డీలర్ వచ్చి తీసుకెళ్లినందుకు కట్టాలి. ఇరవై మైళ్లలో మంచి సర్వీసున్న డీలర్ ఉంటే, ధర కాస్త ఎక్కువైనా ఆ రంగే తీసుకోమంటాను.

మహీంద్రా పేరు చూస్తే మనవాళ్ల మొహంలో ఒక వెలుగు వస్తుంది, అది సహజమే. 2023లో విడుదల చేసిన ఓజా శ్రేణిని మన జహీరాబాద్ ఫ్యాక్టరీలో తయారు చేస్తామని కంపెనీ ప్రకటించింది. ఆ శ్రేణిలో సబ్ కాంపాక్ట్ కూడా ఉంది. గర్వపడొచ్చు. కొనేటప్పుడు మాత్రం పై రెండు పరీక్షలూ దానికీ పెట్టండి.

## అసలు సంగతి వెనక బరువు

కొత్తగా కొన్నవాళ్లలో ఎక్కువమంది డబ్బంతా ముందు వైపు ఖర్చు పెడతారు. ఫోర్కులు, గ్రాపిల్ (దుంగలు, కొమ్మలు పట్టే ఇనుప గోళ్లు), బకెట్ అంచుకి పళ్లు. వెనక ఏమీ ఉండదు. లోడర్ ఎంత మోయగలదో తేల్చేది హైడ్రాలిక్స్ ఒక్కటే కాదు, వెనక చక్రాలు నేలని ఎంత గట్టిగా పట్టుకున్నాయన్నది కూడా.

కంకర నింపిన బకెట్‌తో వెనక ఏ బరువూ లేకుండా కొద్దిపాటి వాలు దిగితే ఏమవుతుందో చూడండి. ముందు చక్రాలు ఇరుసుగా మారతాయి, బకెట్ కిందకి లాగుతుంది, వెనక భాగం తేలుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది. వెనక టైర్ల కింద గడ్డి నలగడం ఆగిపోతుంది, చూస్తే తెలుస్తుంది. ఈ ట్రాక్టర్లకి బ్రేకులు వెనక చక్రాలకే. పెడల్ వదిలేస్తే ఆపే హైడ్రోస్టాటిక్ పట్టు కూడా టూ వీల్ డ్రైవ్‌లో వెనక చక్రాల ద్వారానే పనిచేస్తుంది. ఆ చక్రాలు నేలమీద లేకపోతే ట్రాక్టర్ తన దారిన తను జారిపోతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ వేసి ఉంటే ముందు చక్రాలు కూడా పట్టి ఆపుతాయి. అందుకే లోడర్ పనికి, వాలుకి ఫోర్ వీల్ డ్రైవ్ ఎప్పుడూ వేసే ఉంచాలి. బరువుతో వాలు దిగాల్సి వస్తే రివర్స్‌లో దిగాలి, బకెట్ ఎత్తు వైపు ఉండేలా. బకెట్ నేలకి అడుగు ఎత్తు దాటకూడదు.

వెనక బరువు పెట్టడానికి దార్లు ఇవి:

| దారి | బరువు | మంచి | చెడ్డ |
|---|---|---|---|
| త్రీ పాయింట్‌కి బ్యాలస్ట్ బాక్స్ (కాంక్రీట్ లేదా ఇసుక నింపింది) | 400 నుంచి 600 పౌండ్లు | ముందు యాక్సిల్ మీద భారం తగ్గిస్తుంది, పొట్టిగా ఉంటుంది | వెనక ఇంకే పరికరం తగిలించలేం |
| టైర్లలో ద్రవం | రెండూ కలిపి దాదాపు 400 పౌండ్లు | ఎప్పుడూ ఉంటుంది, వాలు మీద నిలకడ | ముందు యాక్సిల్‌కి ఉపశమనం లేదు, లాన్ మీద ముద్రలు |
| చక్రాలకి ఇనుప బిళ్లలు | తక్కువ | తీసేయొచ్చు | ఖరీదు |
| బాక్స్ బ్లేడ్ (మట్టి చదును చేసేది) లాంటి పరికరం | 250 నుంచి 350 పౌండ్లు | ఉన్నదానితోనే సరి | బరువు చాలదు, తిరిగేటప్పుడు తగులుతుంది |

టైర్ల ద్రవం, బ్యాలస్ట్ బాక్స్ ఒకదానికొకటి బదులు కావు. టైర్లలో ఉన్న బరువు వెనక యాక్సిల్ మీదే కూర్చుంటుంది. త్రీ పాయింట్‌కి వేలాడేది యాక్సిల్‌కి వెనక ఉంటుంది కాబట్టి మీట లాగా పనిచేసి ముందు భాగాన్ని పైకి లేపుతుంది. చిన్న ట్రాక్టర్‌లో ముందు యాక్సిల్ సున్నితం, లోడర్ భారమంతా దానిమీదే పడుతుంది. అందుకే ఒకటే కొనగలిగితే బ్యాలస్ట్ బాక్స్. వాలున్న స్థలమైతే రెండూ. మీ మోడల్‌కి ఎంత బరువు పెట్టాలో మాన్యువల్‌లో ఉంటుంది, ఆఖరి మాట దానిదే.

సొంతంగా చేసుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. 55 గ్యాలన్ల డ్రమ్ములో కాంక్రీట్ పోసి వాడే పద్ధతి ఉంది. నిండా పోస్తే అది వెయ్యి పౌండ్లు దాటుతుంది. సబ్ కాంపాక్ట్ త్రీ పాయింట్ రెండడుగుల వెనక 680 పౌండ్ల దగ్గరే చేతులెత్తేస్తుంది. సగం పోస్తే చాలు. టైర్లలో క్యాల్షియం క్లోరైడ్ వద్దు, లీకైతే రిమ్ములు తుప్పు పడతాయి. చలి రాష్ట్రాల్లో ఉత్త నీళ్లు గడ్డకడతాయి. బీట్ దుంపల రసంతో చేసే ద్రవం బరువు ఎక్కువ, తుప్పు పట్టదు, ధర మాత్రం కొంచెం ఎక్కువ.

టైర్ల రకం గురించి రెండు ముక్కలు. లాన్ ముఖ్యమైతే గడ్డిని చెక్కని టర్ఫ్ టైర్లు, లోడర్ ముఖ్యమైతే ఆర్4 అనే ఇండస్ట్రియల్ టైర్లు. రెండూ కావాలంటే ఆర్4 తీసుకుని తడి నేల మీద తిరగడం మానుకోండి. టెక్సస్ నల్లరేగడి వాన పడ్డాక ఏ టైరునీ పోనివ్వదు.

## ఎవరికి ఏది

*రెండు మూడెకరాలు, చదును, గడ్డి కోత ముఖ్యం, ఏటా కొంచెం మల్చ్, కూరగాయల మడి.* సబ్ కాంపాక్ట్, లోడర్, కడుపు కింద డెక్, బ్యాలస్ట్ బాక్స్. బీర పాదులు, గోంగూర వేసుకునే వాటాకి నాలుగడుగుల టిల్లర్ తర్వాత కొనుక్కోవచ్చు. మొదటి ఏడాది అద్దెకి తెచ్చి చూస్తే ఏటా ఎన్నిసార్లు కావాలో తెలుస్తుంది.

*ఐదు నుంచి పదెకరాలు, పచ్చికబయలు, కంకర రోడ్డు, పడిపోయిన చెట్లు.* కాంపాక్ట్‌కి వెళ్లండి. లాన్‌కి పాత జీరో టర్న్ ఒకటి చూసుకోండి. ఇక్కడ సబ్ కాంపాక్ట్ కొన్నవాళ్లు చాలామంది రెండేళ్లలో మార్చుకుంటారు, ఆ మార్పిడిలో నష్టపోతారు.

*ఒక ఎకరం, ఏడాదికి రెండుసార్లు మట్టి పని.* ట్రాక్టరే వద్దు. అద్దె మిషన్, మంచి రైడింగ్ మోవర్ చాలు. డీలర్ ఇది చెప్పడు.

*తోటలో పైపులు వేస్తూ, గుంతలు తీస్తూ ఉండేవాళ్లు.* బ్యాక్‌హో ఉన్నది. వాడనప్పుడు విప్పి పెట్టే చోటు కూడా చూసుకోవాలి. తగిలించి ఉంచితే మంచి వెనక బరువే, కానీ వెనక తోక పొడుగు.

ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలు, పిల్లలు ఉన్న ఇంట్లో ఇంకో మాట. మన ఊళ్లో మడ్‌గార్డ్ మీద ఒకరు కూర్చోవడం మామూలే. దీనిమీద సీటు ఒక్కరికే. వెనక పరికరాల్ని తిప్పే పీటీఓ షాఫ్ట్ నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది, లుంగీ అంచు, చున్నీ దానికి అందితే వదలదు. రోప్స్ నిలబెట్టి ఉన్నప్పుడు సీటు బెల్ట్ పెట్టుకోవాలి. గరాజ్‌లోకి తేవడానికి రోప్స్ మడిచినప్పుడు మాత్రం బెల్ట్ పెట్టుకోకూడదు.

## ఇంటికి తెచ్చాక

డీలర్ దింపి వెళ్లిన రోజు గంటసేపు ఖాళీ బకెట్‌తోనే ఆడండి. బకెట్ నేలకి సమంగా పెట్టడం వస్తే సగం పని వచ్చినట్టే. కోణం తప్పితే బకెట్ అంచు లాన్‌ని చెక్కేస్తుంది. కుప్పలోకి వేగంతో దూసుకుపోవద్దు, లో రేంజ్‌లో (తక్కువ వేగం సెట్టింగ్) నెమ్మదిగా తోస్తూ బకెట్ వెనక్కి తిప్పాలి.

మొదటి కొద్ది గంటల పని తర్వాత చక్రాల బోల్టులు, లోడర్ బోల్టులు మళ్లీ బిగించండి, కొత్తవి సర్దుకుంటూ వదులవుతాయి. లోడర్ పిన్నులకి ప్రతి పది గంటలకీ గ్రీజు. దీనికి కారులా మైళ్ల లెక్క లేదు, అవర్ మీటరే లెక్క. 50 గంటలకి మొదటి సర్వీసు, ఇంజన్ ఆయిలుతో పాటు ట్రాన్స్‌మిషన్ ఫిల్టర్ కూడా. కొత్త గేర్ల నుంచి రాలిన లోహపు రజను అందులో ఉంటుంది. దీన్ని వాయిదా వేయకండి.

ధర మాట్లాడేటప్పుడు సున్నా వడ్డీ అనగానే తల ఊపకండి. సున్నా వడ్డీ తీసుకుంటే నగదు తగ్గింపు పోతుంది, చాలా డీలర్ల దగ్గర లెక్క ఇంతే. రెండు ధరలూ కాగితం మీద రాయించుకోండి. ట్రెయిలర్ కలిపి ప్యాకేజీ ఇస్తానంటే దాని మోత చూడండి. ట్రాక్టర్, లోడర్, బ్యాలస్ట్, వెనక పరికరం కలిస్తే మూడు వేల పౌండ్లకి దగ్గరవుతాయి. 2,990 పౌండ్లని రాసున్న సింగిల్ యాక్సిల్ ట్రెయిలర్‌కి ఆ అంకెలో దాని సొంత బరువు కూడా కలిసే ఉంటుంది, కాబట్టి అది చాలదు. రెండు యాక్సిళ్లున్న 7,000 పౌండ్లదే అడగండి.